పెత్రమాసకు బియ్యమియ్యని పేరు

సకల జనుల సమ్మె మొదలై బడులు బందైన తెల్లారే మా అవ్వ నా మీద పడ్డది.

"బడి లేదు, బస్సు లేదు, ఊకెనే ఇంట్ల కూసుంటివి. పెత్రమాస దగ్గరికొచ్చె. మా అన్న సచ్చిండో ఉన్నడో పోయి తెలుసుకొని రారాదు?" అన్నది, దుకాణంలకెల్లి ఇంత ఉప్పు తెమ్మన్నంత సల్లగ.

నేనింకా చాయ గూడ తాగలే. "అవ్వా, మీ అన్న ఉంటె ఇప్పుడు తొంబై దాటుతయి" అన్న.

"దాటితె ఏంది? నాకు ఎనబై దాటలేదా? నేను లేనా?"

గిట్ల మాట్లాడే మనిషితోని ఎవలేం మాట్లాడతరు!

మా అవ్వ అంటె మా బాపును కన్నతల్లి. ఆమె అన్న రెండో ప్రపంచ యుద్ధంల విమానం తోలిండు. సామాన్లు మోసే విమానం గాదు, గాలిల కొట్లాడే విమానం. జనగామ బజార్ల కిరాణం దుకాణం నడిపే షావుకారి ఇంట్ల పుట్టిండు. చదువుకోనికి పట్నం పంపితె, బేగంపేటల విమానాలు లేస్తుంటె చూసి, చదువు ఇడిచిపెట్టి ఫౌజుల చేరిండు. బర్మా దిక్కు పోయిండు, ఒకనాడు విమానం మల్లి రాలే. మా ఇంట్ల అందరికీ తెలిసిన కథ గంతే. దుకాణంల గల్లపెట్టె మీద ఆయన ఫోటో ఉంటది. విమానంల కూసొని, ఒక చెయ్యి బయటికి పెట్టి నవ్వుతుంటడు. ఆ ఫోటోకు దండ లేదు, బొట్టు లేదు. అవ్వ పెట్టనియ్యది.

పెత్రమాస మా దిక్కు పెద్దలకు బియ్యమిచ్చే దినం. బతుకమ్మ మొదలయ్యే నాడే, పొద్దుగాల తానం చేసి, చాటల బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పెట్టి, సచ్చిపోయినోళ్ల పేర్లు ఒక్కొక్కటి చెప్పుకుంట అయ్యగారికి ఇస్తం. పేరు చెప్తె వాళ్లకు కడుపు నిండినట్టు. చెప్పకపోతె ఆకలితోని తిరుగుతరని నమ్మకం. బతికున్నోళ్ల పేరు చెప్పుడైతె ఇంక పాపం, మనమే వాళ్ల ఆయుష్షు తియ్యమన్నట్టు. మా ఇంట్ల ఏటేటా ఇదే లొల్లి. అయ్యగారు "ఇంకెవరి పేరన్న ఉన్నదా?" అంటడు. మా బాపు అవ్వ దిక్కు చూస్తడు. అవ్వ గోడకు ఆనుకొని కూసొని "ఆయన పేరు వద్దు" అంటది. అయ్యగారికి ఇంకా నాలుగిండ్లు తిరిగేదుంటది, మొకం మాడ్చుకొని లేస్తడు. బాపు పోయినంక ఆ చాట నా చేతికొచ్చింది, చాటతోని పాటు ఆ లొల్లి గూడ.

ఆ ఏడు వానాకాలంల అవ్వకు జరమొచ్చి దవాఖానల పడ్డది. లేచినకాన్నుంచి ఒక్కటే పాట. "నేను పోతె మా అన్న పేరు చెప్పుమనేటోళ్లు లేరు, వద్దనేటోళ్లు లేరు. నేనుండంగనే తేల్చు. సచ్చిండంటె నా కండ్ల ముంగట బియ్యమియ్యి. ఉన్నడంటె నాకు చూపియ్యి."

నేనేమో చేతులు ముడుచుకొని కూసున్నోన్ని గాదు. ఆ జరానికి ముందే, ఎండకాలం సెలవులల్ల ఢిల్లీల ఏదో ఆఫీసుకు రాసిన. మీరు ఆయనకు ఏమైతరు, సర్వీసు నంబరెంత, సచ్చిపోయినట్టు సర్టిఫికెట్ జోడించుర్రి అని జవాబొచ్చింది. సచ్చిండా లేదా అని నేనడుగుతుంటె, సచ్చినట్టు కాయితం పంపమంటరు! చదివి చదివి నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ గాలే. అవ్వకు చదివి వినిపిస్తె, "నీకు రాసుడు రాదు" అన్నది. ఇరవై ఏండ్లసంది పిల్లలకు రాసుడు నేర్పుతున్నోన్ని నేను.

తర్వాత హన్మకొండల ఎయిర్‌ఫోర్సుల చేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఉన్నడంటె, ఫోటో గుడ్డల చుట్టుకొని పోయిన. విమానం చూసి ఏ దళమో చెప్తడేమోనని నా ఆశ. ఆయన అద్దాలు పెట్టుకున్నడు, తీసిండు, మల్ల పెట్టుకున్నడు. "సార్, దీనికి చక్రాలేవి?" అన్నడు. చూస్తె లెవ్వు. "ఇది జాతరల ఫోటోలు తీసేటోని పర్ద. రంగులేసిన అట్ట. ఎనుక స్టూలు మీద కూసున్నడు మీ తాత." ఇన్నేండ్లు గల్లపెట్టెతోని పాటు ఆ అట్ట విమానానికి గూడ మేము పొద్దుమాపు ఊదుబత్తి తిప్పినం. ఇంటికొచ్చి చెప్తె అవ్వ జర గూడ నారాజ్ కాలే. "అది కొమురెల్లి జాతరల తీసిందే. నన్నడిగినవా?" అన్నది.

ఇగ మిగిలింది కేసముద్రం తాత. అవ్వకు చిన్నాయిన కొడుకు. చిన్నప్పుడు జనగామల మా ఇంట్లనే పెరిగి, తర్వాత కేసముద్రం మార్కెట్ యార్డు ముంగట అడ్తి దుకాణం పెట్టుకున్నడు. రైళ్లు ఇంకా నడుస్తున్నయి గన్క పాసింజర్ల పోయిన. యార్డుల ట్రాక్టర్ లేదు, లారీ లేదు, గేటుకు జెండలు కట్టి ఉన్నయి. తాత ఒక్కడే అరుగు మీద కూసొని పేపర్ చదువుతున్నడు.

"తాతా, పైలట్ తాత సంగతి నీకు తెలిసినంత చెప్పు" అన్న.

"వీరుడు బిడ్డా! బర్మాల మొగులు మీద..." అని అందుకున్నడు. రెండు చేతులు రెక్కలోలె చాపి, విమానం ఎట్ల ఒరిగిందో, ఎట్ల మంటలు లేసినయో, అరుగు మీదనే అటొంగి ఇటొంగి చూపెట్టిండు. చూసేటోళ్లకు ఆయనే తోలిండనిపిస్తది.

"నువ్వు చూసినవా?"

"నేనెట్ల చూస్త? నాకప్పుడు చెడ్డీ ఏసుకునే ఈడు."

"మరి అక్కడనే సచ్చిండని ఎట్ల తెలుసు?"

"సచ్చిండని నేనెప్పుడన్న?"

నాకు దిమాక్ ఖరాబైంది. "ఇప్పుడే గద మంటలు లేసినయంటివి!"

"విమానం కాలింది. మనిషి దుంకిండు. జపానోళ్లకు దొరికి రంగూన్ జైల్ల పడ్డడు. లడాయి ఒడిసినంక ఇంటికొచ్చిండు."

"ఇంటికొచ్చిండా? ఏ ఇంటికి?"

"ఏ ఇంటికేంది? ఇప్పుడు మీరుంటున్న ఇంటికే."

ఇంత ముచ్చట కడుపుల పెట్టుకొని, పేపర్ల మార్కెట్ ధరలు చదువుకుంట కూసున్నడు ఈ మనిషి! మొదటికెల్లి చెప్పమన్న. ఈసారి చేతులు చాపకుంట చెప్పిండు.

విమానం రాలేదు, మనిషి జాడ లేదు అని జనగామకు తారొచ్చింది. అప్పటికి మా అవ్వకు సంబంధం కుదిరి ఉన్నది. కొడుకు జాడ లేదు గన్క అల్లున్ని ఇల్లుటం తెచ్చుకొని దుకాణం అప్పజెప్పాలని ముత్తాత ఆలోచన. కొడుకు సచ్చిండో లేదో తేలకుండ ఇంట్ల పెండ్లెట్ల చేస్తరు? జాడలేనోళ్ల కోసం పన్నెండేండ్లు చూడాల్నని శాస్త్రమట. మా ముత్తాతకు పన్నెండు నెలలు గూడ ఆగబుద్ధి గాలే. మోదుగాకులు, దర్భలు కట్టి మనిషిబొమ్మ చేయించిండు, చెరువు అవతల దానికి నిప్పుపెట్టిండు, దినాలు చేసిండు, కొడుకు పేరు మీద పిండం పెట్టిండు. ఏడాది మైల ఒడవంగనే అవ్వ పెండ్లయింది. మా తాత వచ్చి గల్లపెట్టె ముంగట కూసున్నడు.

ఆ తర్వాత ఒకనాడు పొద్దుగాల, సచ్చినోడు సంచి భుజానికేసుకొని దర్వాజ ముంగట నిలవడ్డడు.

"ముత్తాత ఏమన్నడు?" అన్న.

"ఏమంటడు? దినాలైనోడు కడప దాటొద్దన్నడు. దాటాల్నంటె మల్ల పుట్టాల్నట. గంగాళంల నెయ్యి, నీళ్లు పోసి, కడుపుల పిండం లెక్క ముడుచుకొని కూసుండబెట్టి, బయటికి తీసి, పురుడు చేసి, కొత్తగ పేరు పెట్టాలె. అప్పుడు లోపటికి రావొచ్చు. అయ్యగారు శాస్త్రం చూసి చెప్పిండు. అన్నకు రేషమొచ్చింది. 'రంగూన్ జైల్ల సావనోన్ని, జనగామల సచ్చిన్నా? మీ గంగాళంల నేను కూసోను' అన్నడు. మీ ముత్తాత, కూసుంటెనే లోపటికన్నడు. అన్న కడప మీద కాలు పెట్టకుండనే మల్లిపోయిండు."

"మా అవ్వకు తెలుసా గిదంతా?"

"తెల్వకపోవుడేంది? కాళ్లకు నీళ్లిస్తనని చెంబు పట్టుకొని దర్వాజల నిలవడ్డదే ఆమె."

"తర్వాత ఎటు పోయిండు?"

"పరకాల అవతల చిట్యాల దిక్కు. నేను పత్తి బేరానికి పోయినప్పుడు ఒకపారి కనవడ్డడు. ట్రాక్టర్ తోలుతున్నడు. నన్ను చూసి మొకం తిప్పుకున్నడు. లంబాడి తండల ఉంటున్నడని అక్కడోళ్లు చెప్పిండ్రు."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే తాతా?"

"ఎవలడిగిండ్రు? మీ తాత అడగలే, మీ బాపు అడగలే. ఆ దుకాణంల మీరు కూసుంటిరి. మధ్యల నేనెందుకు పుల్ల పెట్టాలె?" అని మల్ల పేపర్ అందుకున్నడు. ఆ పేపర్ గుంజి చింపుదామన్నంత కోపమొచ్చింది. ఏమన్నంటె మల్ల రేపు ఏదన్న అడిగేదుంటది గద అని పండ్లు కొరుక్కొని రైలెక్కిన.

ఇంటికొచ్చి చెప్పులు గూడ ఇడువకుంట అవ్వ మీదికి లేసిన. "ముందుగాల చెప్తె నీ సొమ్మేం పోయేది? నేను ఢిల్లీకి రాసుకుంట, అట్ట విమానం సంకల పెట్టుకొని హన్మకొండ తిరుక్కుంట పరేషానైతుంటె చూస్త కూసున్నవా?"

అవ్వ చిక్కుడుకాయలు గిల్లుతున్నది. చెయ్యి ఆపలే. "చెప్తె నువ్వు గీ ఇంట్ల కడుపునిండ తింటివా?" అన్నది.

నా కోపం తగ్గలే, ఇంకింత ఎక్కువైంది.

ఆమెనే మల్ల అందుకున్నది. "చెంబు పట్టుకొని నిలవడ్డ. బాపు చెయ్యి అడ్డం పెట్టిండు. అన్న నా దిక్కు చూసి 'నేను సచ్చిన్నా చెల్లె?' అన్నడు. లేదు అన్నా అననీకె నాకు నోరు రాలే బిడ్డా. మెడల కొత్త పుస్తె ఉండె. నా పెండ్లి కోసమే గద ఆయన్ను కాలవెట్టిండ్రు. చెంబుల నీళ్లు చెంబులనే ఉన్నయి." చిక్కుడుకాయల చాట పక్కకు జరిపింది. "బతికున్నోనికి ఒకపారి పిండం పెట్టిండ్రు. రెండోపారి నా చేతుల మీద కావొద్దు. సచ్చిండని ఖాయమైతెనే బియ్యమియ్యాలె. చిట్యాల పో."

పో అనుడు అల్కగనే ఉంటది. బస్సులు బందు. పక్కింటోళ్ల మోటర్‌సైకిల్ అడుక్కొని, పెట్రోలు కోసం లైన్ల నిలవడి, తెల్లారంగనే బయలెల్లిన. ఊరూరికి రోడ్డుకు అడ్డం రాళ్లు, మొద్దులు. ఆపిన కాడల్ల జై తెలంగాణ అన్న. నేను సమ్మెల ఉన్న పంతుల్నే అని చెప్పుకుంట పోయిన. పరకాల దాటినంక రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నరు. తినందే పోనియ్యమన్నరు.

"అర్జెంటున్నదే అన్నా" అన్న.

"తెలంగాణ కన్న అర్జెంటా?"

"మా అవ్వోళ్ల అన్న సచ్చిండో బతికిండో తెలుసుకోవాలె."

"ఎప్పటిసంది జాడ లేదు?"

"రెండో ప్రపంచ యుద్ధం కాన్నుంచి."

రోడ్డు రోడ్డంత నవ్విండ్రు. "అన్నేండ్లు ఆగినోడు నువ్వు నాలుగు ముద్దలు తినేదాక ఆగడా?" అని విస్తరేసి కూసుండబెట్టిండ్రు. కోపంల గబగబ తిన్న. పప్పుచారు మస్తుగున్నది, గది వేరే సంగతి.

చిట్యాల దాటి ఇద్దరు ముగ్గుర్ని అడిగితె తండ దొరికింది. "విమానం బాపు ఇల్లా?" అని ఒకామె చెయ్యి చూపెట్టింది. పెంకుటింటి ముంగట ఒక పెద్దామె మక్కలు ఒలుస్తున్నది. లోపట ఉన్నోళ్లతోని వాళ్ల భాషల ఏదో అని, నన్ను చూసి తెలుగుల "ఎవలు?" అన్నది.

"జనగామకెల్లి వచ్చిన అక్కా" అని, అవ్వ సంగతి చెప్పి, ఏ ఇంటోన్నో చెప్పిన.

ఆమె మక్కకంకి కింద పెట్టింది. నన్ను కిందికెల్లి మీదికి చూసింది. "అక్కను గాదు, చిన్నమ్మనైత" అన్నది. వరుస లెక్కవెట్టనీకె నాకు జర సేపు పట్టింది. అవ్వ అన్నకు బిడ్డ. మా బాపుకు మేనమామ బిడ్డ. మా బాపు బతికినన్ని దినాలు, తనకొక మరదలున్నదని తెల్వకుండనే పోయిండు.

"చిన్నమ్మా, ఆయన..." అన్న.

"ఆరేండ్లయింది. నిద్రల పోయిండు. మా తీరుగ మేము అన్నీ చేసినం" అన్నది.

ఎక్కడెక్కడ తిరిగితినో, ఎవలెవల్ని అడిగితినో! రెండు మాటలల్ల ఒడిసింది. ఆరేండ్ల కింద రావాల్సినోన్ని ఇప్పుడొస్తినని నా మీద నాకే మండింది. నీళ్లు తాగి అడిగిన, ఆయన గురించి చెప్పమని. లడాయి ముచ్చట్లు చెప్పకపోయేదట. చెయ్యి మీద కాలిన మచ్చ ఉండేదట. పొలంల ట్రాక్టర్ ఆపి మొగులు దిక్కు చూసేటోడట. "చిన్నప్పుడు నేను అడిగేదాన్ని, బాపూ, పైకెల్లి చూస్తె ఏం కనవడతయి అని. ఇండ్ల కప్పులు కనవడతయి బిడ్డా, దర్వాజలు కనవడయి అనేటోడు."

"మా ఇంటి మీద కోపమేనా?"

"కోపమంటె... బాపు పెత్రమాస నాడు ముద్ద ముట్టకపోయేది. మా యాడి ఎంత బతిమిలాడినా తినకపోయేది. 'ఇయ్యాల జనగామల నాకు బియ్యమిస్తరు, మా చెల్లె ఇప్పిస్తది, నా కడుపు నిండుతది, నాకు వండకుర్రి' అని నవ్వేటోడు. సచ్చేదాక ఏ ఏడు తప్పలే." యాడి అంటె వాళ్ల భాషల అమ్మ. చిన్నమ్మ నా మొకం చూసి, "ఇచ్చేటోళ్లు గద?" అన్నది.

నేనేం చెప్పాలె? మీ బాపు బతికుండాల్నని మా అవ్వ ఒక్క ఏడు గూడ ఇయ్యనియ్యలే అని చెప్పిన. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నవ్విందో ఏడ్చిందో నాకు కానరాలే. పోయేటప్పుడు సంచి నిండ మక్కకంకులు పోసి, "మా మేనత్తను అడిగిన్నని చెప్పు" అన్నది.

తొవ్వ పొడుగుత ఆ ఇద్దరి మీద కోపమే. ఒకలు బతికున్నడని ఇయ్యకపాయె, ఒకలు ఇస్తున్నరని తినకపాయె! జనగామకు చిట్యాల ఏమన్న రంగూన్ అంత దూరమా? ఒక్కలన్న బస్సెక్కరాదా?

తినని సంగతి అవ్వకు చెప్పొద్దనే అనుకున్న. సచ్చిండని చెప్పంగనే ఆమె తల ఊపి, "ఈడు దాటిన మనిషి, పోతడు తియ్. నేను ఇయ్యనియ్యకపోవుడే మంచిగైంది" అన్నది. ఆ మాటకు నాకు ఆగలే. ఏం మంచిగైంది అని మొత్తం కక్కిన. అవ్వ సంచిలకెల్లి మక్కకంకి ఒకటి తీసి పొట్టు ఒలిసింది.

పెత్రమాస నాడు తానం చేసి చాట సదిరిన. అందరి పేర్లు చెప్పుకుంట ఇచ్చిన. ఆయన పేరు ఒక్కటి మిగిలింది. అయ్యగారు దర్వాజ కాడ సంచి తెరిచి పట్టుకున్నడు. లోపటికెల్లి అవ్వ, "బియ్యం వద్దు" అన్నది.

"ఇంకేం గావాలె అవ్వా నీకు!" అని దర్వాజల నిలవడి ఒర్రిన. "సచ్చిండని ఖాయం జేస్తి, ఎండల చిట్యాల దాక తిరిగొస్తి, ఇప్పుడు మల్ల వద్దంటవా?" అయ్యగారు గూడ గునుసుడు మొదలువెట్టిండు, ఇంకెన్నేండ్లమ్మా ఈ పంచాది అని.

అవ్వ మా ఇద్దరి దిక్కు చూడలే. అర్రల విస్తరేసి ఉన్నది. అన్నం, పప్పు, చిక్కుడుకాయ కూర, పక్కన ఉడకవెట్టిన మక్కకంకి. ఎప్పుడు లేసి వండిందో ఏమో. నీళ్ల చెంబు పట్టుకొని, గోడ పట్టుకుంట దర్వాజ కాడికొచ్చింది. కడప అవతల మెట్టు మీద నీళ్లు పోసింది, మెల్లగ, ఎవలో కాళ్లు చాపితె పోసినట్టే. చెంబు ఖాళీ అయ్యేదాక పోసింది.

"అన్నా, లోపటికి రా. అన్నం తిందువు గని" అన్నది.

అని, నా దిక్కు తిరిగి, "దర్వాజల అడ్డం నిలవడితివేందిరా, జరుగు" అన్నది.

నేను జరిగిన.